నాలుగు వందల పన్నెండు సార్లు

నోటితో చెప్పడం కుదరదు కాబట్టి రాస్తున్నాను. ఎందుకు కుదరదో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

కరెంటు మీటర్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో పరీక్షించే చోట నా ఉద్యోగం. సెలవు దొరికితే హామ్ రేడియో, అంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకుని సరదాకి గాల్లో మాటలు పంపుకోవడం. ఇంట్లో వెనకవైపు చిన్న గది నాది. ఒక బల్ల, కంప్యూటరు, కేబుళ్ళ డబ్బా, స్పిరిటు సీసా, దూది. స్పిరిటూ దూదీ ఎందుకంటే నాకు మురికి పడదు. ఒకరు వాడిన వస్తువు ముట్టుకుంటే రెండుసార్లు చేతులు కడుక్కుంటే గాని మనసు ఒప్పుకోదు. మా ఆవిడ ఈ విషయంలో నాకు పూర్తి విరుద్ధం. ఆమె ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియను. జనం సీసాల్లో పట్టి తెచ్చేవన్నీ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చూసి, ఇంటికొచ్చి ఏమీ పట్టనట్టు అన్నం కలుపుకుని తింటుంది. నా పని మీకిస్తే మొదటి రోజే మిమ్మల్ని మంచమెక్కించాలి అని నన్ను ఏడిపిస్తూ ఉంటుంది.

చేతిలో పట్టుకునే చిన్న రేడియోల్లో చానెళ్ళు ఒక్కొక్కటీ బటన్లు నొక్కి వేసుకోవాలంటే ప్రాణం విసిగిపోతుంది. అందుకని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కేబుల్ తగిలించి, కంప్యూటర్లో పట్టిక నింపి, మొత్తం ఒకేసారి రేడియోలోకి పంపేయొచ్చు. అది ఎవరి సొత్తూ కాదు. నాలాంటి వాళ్ళం పాతికమందిమి ఊరికే రాస్తాం, లోకం ఊరికే వాడుకుంటుంది. బజార్లోకి కొత్త రేడియో దిగినప్పుడల్లా దాన్ని అందులో చేర్చడం మా పని. రేడియో మెమరీలో ఏ గడిలో ఏముందో కంపెనీవాడు చెప్పడు. మనమే పట్టుకోవాలి. రేడియోని ఒకసారి చదవాలి, అంటే దాని మెమరీ మొత్తం కంప్యూటర్లోకి ప్రతి తీసుకోవాలి, ఒకే ఒక్క సెట్టింగు మార్చాలి, మళ్ళీ చదవాలి, రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి ఏ గడి మారిందో చూడాలి. అలా వందసార్లు. తెలివి పెద్దగా అక్కర్లేదు, ఓపిక కావాలి.

అంతా అయ్యాక ఒక ఫారం నింపాలి. అందులో ఒక ప్రశ్న ఉంటుంది: అసలు రేడియో మీద పరీక్షించారా? పక్కన చిన్న గడి. అక్కడ టిక్కు పెట్టకపోతే మన పని ముందుకు కదలదు. పెడితే మాత్రం నిజమా అబద్ధమా అని ఎవరూ తనిఖీ చెయ్యరు. ఒకరి మాట ఒకరు నమ్ముతాం, అంతే.

ఏడాది కిందట ఒక కొత్త మోడల్ వచ్చింది. చవకది. పాత మోడల్‌కే కొత్త చొక్కా తొడిగినట్టుంది. ఎప్పుడు చేరుస్తారు, ఎప్పుడు చేరుస్తారు అని జనం నా ప్రాణం తీశారు. నా దగ్గర ఆ రేడియో లేదు. పాత మోడల్‌కి నేనే రాసిన కోడ్‌ని కాపీ చేసి, పేరు మార్చాను. అది కొన్నవాళ్ళెవరో పంపిన మెమరీ ప్రతిని తెరిచి చూస్తే చానెళ్ళన్నీ చక్కగా కనబడ్డాయి. ఇంకేం కావాలి అనుకుని టిక్కు పెట్టేశాను. మా జట్టుకి పెద్దదిక్కు ఒకాయన ఉన్నాడు, టెలిఫోన్ శాఖలో చేసి రిటైరైన ఇంజినీరు. అందరం పెద్దాయన అంటాం. ఆయన ఆ రోజు ఫోన్ చేసి, చేతిలో పట్టుకుని చూశావు కదా అని అడిగాడు. చూశానన్నాను. ఆయన ఆ మాట నమ్మి ఫోన్ పెట్టేశాడు.

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం నా పేరున పార్సిల్ వచ్చింది, లోపల ఒక రేడియో. సాఫ్ట్‌వేర్‌లో ఆ మోడల్ పక్కన నా పేరూ చిరునామా చూసి పంపారట. పైన ఉత్తరం. రాయించింది ఒకావిడ, రాసింది ఆమె పెద్దమ్మాయి. భర్త భూగర్భ మురుగు కాలువలు బాగుచేసే ముఠాలో పనిచేసేవాడట. హామ్ పరీక్ష కూడా పాసయ్యాడట. ముఠా మొత్తానికి ఆ కొత్త మోడల్ రేడియోల్లో చానెళ్ళు వేసింది ఆయనే, మా సాఫ్ట్‌వేర్‌తోనే. హామ్ రేడియోల్ని ఇలాంటి పనులకి వాడకూడదు. చవక కాబట్టి వాడతారు. ఏడు నెలల కిందట ఆయనా, ఇంకొకతనూ మ్యాన్‌హోల్ దిగారు. లోపల ఒక్కసారిగా మురుగు పెరిగింది. పైనున్నవాళ్ళు గంటన్నర సేపు ఆపకుండా రేడియోలో పిలుస్తూనే ఉన్నారు. కింద నుంచి ఒక్క జవాబూ రాలేదు. బయటికి తీసినప్పుడు రేడియో ఆయన చేతిలోనే ఉంది, ఇంకా ఆన్‌లోనే ఉంది.

రేడియోలో లోపం లేదు, సెట్టింగులు పెట్టినవాడిదే తప్పు అని విచారణలో తేల్చారు. పెట్టినవాడు ఆయనే. ఇద్దరి చావుకీ ఆయనే కారణమని రెండో అతని వాళ్ళు అంటున్నారు. ఒకప్పుడు ఒకే కంచంలో తిన్న ఆడవాళ్ళు, ఇప్పుడు ఆమె ఎదురుపడితే రెండో అతని భార్య తలుపేసుకుంటోంది. ఆయన తప్పు చేశాడో లేదో ఒక్క మాట చెప్పండి, ఏ మాటైనా సరే అని రాయించింది. చివర్లో ఇంకో వాక్యం ఉంది. "రేడియో తుడవలేదు. తుడిస్తే లోపలున్నది ఏమైనా చెరిగిపోతుందేమోనని భయపడ్డాం."

తుడవలేదన్న సంగతి ఉత్తరం చదవకముందే నా ముక్కుకి తెలిసింది.

రెండు ప్లాస్టిక్ సంచుల్లో ముడి మీద ముడి వేసి పెట్టారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని రెండో ముడి విప్పాను. అంకెల బటన్ల సందుల్లో బూడిద రంగు జిగురు. అందులో ఇరుక్కుని ఒక వెంట్రుక. స్పీకరు జల్లెడ మీద పాల మీద కట్టే మీగడలాంటి పొర, పసుప్పచ్చగా. పక్కన, నొక్కి పట్టుకుని మాట్లాడే బటన్ రబ్బరు చిరిగిపోయింది. ఆ చిరుగులో... విరిగిన గోరు ముక్క.

మా ఆవిడ గుమ్మం దగ్గరికొచ్చి, ముక్కు ఎగబీల్చింది. ఆమె ముఖం చిట్లించడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఆ రోజు చూశాను.

"మురుగులోంచి తీసిన రేడియో," అన్నాను.

"మురుగు కంపు నాకు తెలుసు. ఇది అది కాదండీ."

"మరి?"

"నోటి కంపు. చాలాసేపు తెరిచే ఉంచిన నోరు ఉంటుందే... అది."

ఆ మాట అనేసి వెళ్ళిపోయింది. నేను తొడుగులు వేసుకుని స్పిరిటుతో తుడిచాను. దూది గోధుమరంగులోకి మారింది. ఇంకో దూది, మరో దూది... తొమ్మిది ఉండలు అయ్యాక రేడియో శుభ్రంగా కనబడింది. చేతులు కడుక్కుని వచ్చేసరికి జల్లెడ మీద మళ్ళీ పొర. పల్చగా, తడిగా. దాని మీద చిన్న బుడగ ఒకటి లేచి, పగిలింది.

ఎక్కడో లోపల ఇరుక్కున్న నీరు బయటికొస్తోందిలే అనుకున్నాను. ఏదో ఒకటి అనుకోకపోతే ఆ గదిలో కూర్చోలేను. కొత్త బ్యాటరీ వేసి, కేబుల్ తగిలించి, చదివాను.

అరగంటలో దొరికింది. పాత మోడల్‌లో ఒక గడి ఉంది, అందులో ఒకటి వేస్తే రేడియో పూర్తి బలంతో మాట పంపుతుంది. భూమి కింద పని కాబట్టి ఆయన ప్రతి చానెల్‌కీ పూర్తి బలం కోరుకున్నాడు. తెలివైన పనే. నా కోడ్ ఆ గడిలోనే ఒకటి వేసింది. కాని కొత్త మోడల్‌లో ఆ గడి పని వేరు. అదొక తాళం. చానెల్ మీద ఇంకెవరైనా మాట్లాడుతుంటే, మనం బటన్ నొక్కినా రేడియో మన మాట పోనివ్వదు. కీచుమని ఒక్క చిన్న చప్పుడు చేసి ఊరుకుంటుంది.

 పైన నిలబడి ఒకళ్ళ తరవాత ఒకళ్ళు పరీక్షించుకున్నప్పుడు అంతా బాగానే పనిచేసి ఉంటుంది. కింద మురుగు పెరిగినప్పుడు మాత్రం పైవాళ్ళు ఆపకుండా పిలిచారు. వాళ్ళు పిలుస్తున్నంతసేపూ ఆయన జవాబు పోలేదు. వాళ్ళ గొంతులు వింటూనే ఉన్నాడు. జవాబు రాలేదని వాళ్ళు ఇంకా గట్టిగా, ఇంకా ఎడతెరిపి లేకుండా పిలిచారు.

మెమరీ చివర్లో ఇంకో గడి కనబడింది, ఒక అంకె. 412. అదేమిటో తెలుసుకుందామని నా పాత రేడియోని అదే చానెల్ మీద పెట్టి, దాని బటన్ నొక్కి పట్టుకుని, రెండో చేత్తో ఆయన రేడియో బటన్ నొక్కాను. కీచుమంది. మూడుసార్లు అలా చేసి చదివితే 415. మాట పోనివ్వని ప్రతిసారీ రేడియో ఒకటి కలుపుకుంటోంది, అంతే. నాలుగు వందల పన్నెండు సార్లు. తొడుగు విప్పి చూసుకుంటే నా బొటనవేలు తడిగా ఉంది. తొడుగు ఎక్కడా చిరగలేదు.

సాయంత్రం బ్యాటరీ తీసేసి, రేడియోని కొత్త సంచిలో కట్టి, బాల్కనీలో పెట్టాను. ఆదివారం పొద్దున సంచి లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. శీతాకాలంలో అద్దం మీద ఊదితే పట్టేలాంటి ఆవిరి. తెచ్చి చదివాను.

433.

మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అదే. గది తలుపు బార్లా తెరిచి కూర్చున్నాను. ఎదురింటావిడ బట్టలు ఆరేస్తోంది, ఎండ కాస్తోంది. అంత వెలుగులో భయపడటానికి సిగ్గేసింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఉత్తరం రాయించిన ఆవిడే. పార్సిల్ అందిందని నేను పెట్టిన మెసేజ్ చూసి చేసింది. చదువుకున్నది కాదు, కాని మాట నెమ్మదిగా, తడబడకుండా ఉంది. చూశారా అన్నయ్యగారూ, అని అడిగింది. చూశానన్నాను. ఇక్కడే నేను చెప్పాల్సింది. మొత్తం చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. కాని ఆ రెండు నిమిషాల్లో నా కళ్ళ ముందు పెద్దాయన మొహం, పాతికమంది మొహాలు, పోలీసు స్టేషను, పేపర్లో నా పేరు, అన్నీ తిరిగాయి.

"సెట్టింగు అలా పెట్టి ఉందమ్మా," అన్నాను.

"అంటే ఆయన పెట్టిందేనా?"

"...అలాగే అనుకోవాల్సి వస్తుంది."

ఆవిడ ఏడవలేదు. సరే అన్నయ్యగారూ, శ్రమ తీసుకున్నారు అంది. రేడియో తిరిగి పంపక్కర్లేదు, ఇంట్లో పిల్లలు భయపడుతున్నారు అని కూడా చెప్పింది. అన్నయ్యగారూ అన్న పిలుపు చెవిలో పడ్డప్పుడల్లా నా మీద నాకే రోత పుట్టింది. ఆ రేడియో మీది జిగురు నయం, తుడిస్తే కాసేపైనా పోయేది.

మధ్యాహ్నం కోడ్‌లో గడి సరిచేశాను. ఏం మార్చావు అన్నచోట 'చిన్న సవరణ' అని రాశాను. అసలు రేడియో మీద పరీక్షించారా? టిక్కు. ఈసారి నిజమే. సాయంత్రానికి అది లోకమంతా వెళ్ళిపోయింది. చేతులు దులుపుకున్నాననుకున్నాను. రాత్రి పడుకునే ముందూ, పొద్దున లేవగానే రేడియో చదివాను. అంకె కదల్లేదు. 433 దగ్గరే ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను కూడా.

సోమవారం సాయంత్రం మా ఆవిడ క్లినిక్ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే నా గది గుమ్మంలో నిలబడింది. శనివారం నేను చెత్తబుట్టలో వేసిన దూది ఉండ ఒకటి తనతో తీసుకెళ్ళిందట.

"అది ఉమ్మి," అంది. "మనిషిది. తాజాది, మీరు తుడిచేనాటికి ఒక్క రోజు కూడా అయ్యుండదు. నేను మూడుసార్లు చూశాను. ఆయన పోయి ఏడు నెలలన్నారు కదా? మరి ఇది ఎవరిదండీ? మీరు దాని మీద ఉమ్మలేదు కదా? ఏమిటి అలా చూస్తారు, చెప్పండి..."

ఆమె ఇంకా అడుగుతుండగానే చెబుదామని నోరు తెరిచాను. గొంతు పూడుకుపోయింది. మాట రాలేదు. గొంతులో కీచుమని చిన్న చప్పుడు, దాంతోపాటు నాలిక కింద నుంచి చిక్కటి తడి ఊరింది. ఆ రుచి ఎలా చెప్పను... ఆ వాసన నోట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో అలా. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ అంతే. ఆమె మాట్లాడటం ఆపింది. వెంటనే నా గొంతు విడిపోయింది.

"నాకేం తెలుసు," అన్న మాట బయటికొచ్చింది.

పరిగెత్తి వెళ్ళి పళ్ళు తోముకున్నాను. రెండుసార్లు, నాలుగుసార్లు, చిగుళ్ళు రక్తం కారేదాకా. తరవాత రేడియో చదివాను. 435.

ఆ రోజు నుంచి నా బతుకు ఇలాగే ఉంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ నాకు మాట రాదు. మౌనం దొరికితేనే నాకు గొంతు. ఆఫీసు మీటింగుల్లో అందరూ ఆగేదాకా కూర్చోవాలి, అందరూ ఒకేసారి ఆగేది ఎప్పుడని? బస్సులో కండక్టర్ అరుస్తుంటే దిగాల్సిన స్టాపు దాటిపోయాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా మాట మధ్యలో అడ్డు తగలకుండా వింటున్నారు అని మా ఆవిడ మొదట్లో మురిసింది. ప్రయత్నించిన ప్రతిసారీ నోట్లో ఆ తడి. మింగలేను. గ్లాసు వెంట పెట్టుకుని తిరుగుతున్నాను. అంకె నా ప్రయత్నాల ప్రకారమే పెరుగుతోంది. ఒక రోజు పంతం పట్టి, పొద్దుట్నుంచీ నోరే తెరవలేదు. ఆ రోజు అంకె ఒక్కటి కూడా కదల్లేదు. రేడియోని రెండుసార్లు బయట పారేద్దామని సంచి పట్టుకుని వీధి మొగదాకా వెళ్ళాను. పారేస్తే అంకె ఎంతయిందో తెలియకుండా పోతుంది. అది ఇంకా భయమేసి తిరిగొచ్చాను.

మూడు వారాలు అలా గడిచాక ఇంక నావల్ల కాలేదు. ఉత్తరం రాయించిన ఆవిడకి నిజం చెప్పేస్తే ఇదంతా పోతుందని నాకు నేనే అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. నిన్న శనివారం, పొద్దున పదకొండు గంటలకి. ముందు రేడియో చదివాను, 470. అది బల్ల మీదే ఉంది. ఆవిడకి ఫోన్ చేశాను.

"హలో," అంది. ఆగింది. నేను ఊపిరి పీల్చుకుని అమ్మా అనబోయేలోగా, వెనక నుంచి అమ్మాయి గొంతు, ఎవరమ్మా అంటూ. గొంతు పూడుకుంది. ఒకటి.

"ఎవరండీ? వినబడటం లేదు. హలో... హలో..." రెండు. మూడు. ఆ తడి గడ్డం మీదికి కారింది. ఆగమ్మా, ఒక్క క్షణం ఆగు అని మనసులో మొత్తుకుంటున్నాను. అమ్మాయి మళ్ళీ ఏదో అడుగుతోంది, ఆవిడ ఆ పిల్లని ఊరుకోమంటోంది. ఐదు. ఆరు. గొంతులోంచి కీచుమన్న చప్పుడు ఒక్కటే పోతోంది.

ఆవిడ గొంతు హఠాత్తుగా తగ్గింది. గుసగుసగా అంది.

"ఆ చప్పుడు... ఏవండీ?"

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"మీరేనా? మాట్లాడండి. నేను వింటున్నాను. ఇక్కడే ఉన్నాను, మాట్లాడండి... మాట్లాడండి..."

ఆపలేదు. ఆపితే ఆయన పోతాడేమో అన్నట్టు ఊపిరి కూడా తీసుకోకుండా పిలుస్తూనే ఉంది. ఎనిమిది, తొమ్మిది, పది. నేను రెండు చేతులతో గొంతు పట్టుకుని ప్రయత్నించాను. పదకొండు. లైను తెగిపోయింది.

అందుకే ఇదంతా రాశాను. రాయడానికి తాళం లేదు. ఒక ప్రతి పెద్దాయనకి, ఒక ప్రతి విచారణ జరిపినవాళ్ళకి, ఒకటి ఆవిడకి. పెద్దమ్మాయీ, ఇక్కడి నుంచి మీ అమ్మకి గట్టిగా చదివి వినిపించు. మీ నాన్న ఏ తప్పూ చెయ్యలేదు. ఆయన అన్నీ సరిగ్గానే పెట్టాడు. తప్పుడు గడిలో వేసింది నా కోడ్. చూడకుండా చూశానని టిక్కు పెట్టింది నేను. అడిగితే ఆయన మీదికి తోసింది కూడా నేనే. ఈ కాగితం పట్టుకెళ్ళి ఆ రెండో ఇంటి తలుపు కొట్టండి.

ఒక్క సంగతి మిగిలింది. నిన్న ఫోన్ తెగిపోయాక రేడియో చదివాను. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను, పదకొండుసార్లే. గడిలో మాత్రం 482 ఉంది. పన్నెండు పెరిగింది.

లెక్క తప్పానేమో, ఇంట్లో ఉన్న మా ఆవిడకి ఏమైనా వినబడిందేమో అడుగుదామని తలెత్తాను. ఆమె గుమ్మంలోనే ఉంది. ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు.  చేతి వెనకవైపుతో మూతి తుడుచుకుంది. చేతికంటిన చిక్కటి తడి చూసుకుని, మళ్ళీ తుడుచుకుంది.